మూకుడులో ముద్దయ్యే నూడుల్స్

ప్రశ్న: పాడ్ థాయ్ చేద్దామని బియ్యం నూడుల్స్ తెచ్చాను. ఉడకబెట్టి వేయిస్తే ప్రతిసారీ ముద్ద కడుతోంది. ఎక్కడ తప్పు?
– గృహిణి, కాకినాడ

జవాబు: ఉడకబెట్టడంలోనే తప్పంతా. ఎండు బియ్యం నూడుల్స్‌ను మామూలు నీళ్లలో అరగంట, ముప్పావుగంట నానబెడితే చాలు. వేలికి చుడితే విరక్కుండా వంగాలి, కొరికితే మాత్రం ఇంకా గట్టిగానే ఉండాలి. మిగతా ఉడుకు చింతపండు పులుసు, తాటిబెల్లం, చేప సాస్ పీల్చుకుంటూ మూకుడులోనే పూర్తవుతుంది. ఇంకో మాట: ఇంటిల్లిపాదికీ ఒకేసారి చేయకండి. మూకుడు నిండితే వేడి పడిపోయి, నూడుల్స్ వేగడం మాని ఉమ్మగిల్లుతాయి. వాయికి ఇద్దరికి మించి వద్దు. మొలకలు దించే ముందే వేయండి.

ప్రశ్న: మలేసియాలోని పెనాంగ్‌లో తిన్న చార్ క్వే తియావ్ నూడుల్స్‌లోని పొగవాసన ఇంట్లో రావడం లేదు. సోయా సాస్ పెంచాలా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పెంచితే ఉప్పుకషాయమే మిగులుతుంది. ఆ వాసన మంటది. కాంటనీస్‌లో ‘వోక్ హే’ అంటారు. సెగలు కక్కే ఇనుప మూకుడు అంచుకు సాస్, కొవ్వు తగిలి, మాడీ మాడని క్షణంలో పుడుతుంది. పెనాంగ్‌లో కొందరు ఇప్పటికీ బొగ్గుల మీద, ఏ ప్లేటుకా ప్లేటు విడిగా వేయిస్తారు. లైను కదలకపోయినా జనం నిలబడేది అందుకే. ఇంటి స్టవ్ మీద అంత రాదు, ఆశ పెట్టుకోకండి. నాన్‌స్టిక్ పక్కన పెట్టి, ఇనుప మూకుడును పొగ లేచేదాకా కాల్చి, సాస్‌ను అంచు వెంట పోస్తే కొంత వస్తుంది.

ప్రశ్న: మలేసియాలో తినే ‘మీ గోరెంగ్’ అనే వేపుడు నూడుల్స్ మనవాళ్ల వంటేనట, నిజమా?
– కళాశాల విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ‘మనవాళ్లు’ అంటే అక్కడ స్థిరపడ్డ తమిళ ముస్లింలు. వాళ్ల హోటళ్లను మామక్ దుకాణాలంటారు. పసుపుపచ్చ గోధుమ నూడుల్స్ చైనీయులవి. బంగాళాదుంప, టోఫు, మిరపముద్ద చేర్చి, పక్కన నిమ్మబద్ద పెట్టింది వీళ్లు. పేరు ఒకటే అయినా ఇండోనేసియా ‘మీ గోరెంగ్’ వేరు. అందులో కెచప్ మానిస్ అనే తియ్యటి సోయా సాస్ పడుతుంది. నా ఓటు మామక్ వాళ్లకే.

ప్రశ్న: శాకాహారులం. బ్యాంకాక్ వెళ్తున్నాం. మాంసం వద్దంటే సరిపోతుందా?
– దంపతులు, తిరుపతి

జవాబు: సరిపోదు. చేప సాస్, ఎండు రొయ్యలు కంటికి కనిపించకుండా పడుతుంటాయి. ‘జే’ (పూర్తి శాకాహారం) అని అడగండి. పసుపు జెండాపై ఎర్రటి థాయ్ అక్షరాలున్న దుకాణాల్లో అది దొరుకుతుంది. గుడ్డు, వెల్లుల్లి కూడా వాడరు.