పేరు మిగిలిన సార్దీస్

ఈ నెల పాఠము ప్రకటన గ్రంథము 3వ అధ్యాయము 1–6 వచనములు. బైబిలు తెరచి దగ్గర పెట్టుకొని చదువుడని మనవి.

సార్దీస్ శిథిలములు నేటి తుర్కీ దేశపు పడమటి భాగమున, సార్ట్ అను గ్రామము నొద్ద ఉన్నవి. పూర్వము అది లూదియ రాజ్యమునకు రాజధాని. క్రోయెసస్ రాజు ధనము సామెతగా నిలిచినది. కోట నిట్రమైన కొండమీద నుండుటచేత, ఎవరును ఎక్కలేరని ఒక ప్రక్కను కావలి లేకుండ విడిచిరి. క్రీ.పూ. 6వ శతాబ్దమున కోరెషు సైనికులు ఆ ప్రక్కనే ఎక్కి పట్టుకొనిరని హెరొడొటస్ వ్రాసెను. మూడు శతాబ్దములు గడచిన తరువాత మూడవ అంతియొకసు కాలమున మరల అట్లే జరిగెను! జాగరూకుడవై యుండుమని, దొంగవలె వచ్చెదనని ప్రభువు ఈ సంఘమునకే చెప్పుట ఆ ఊరివారికి ఎట్లు తగిలియుండునో తలంచుడి.

కాలక్రమమున పట్టణమును పోయెను, సంఘమును పోయెను. పేరు మాత్రము పోలేదు. రోమను కతోలిక సంఘపు పట్టికలో సార్దీస్ నేటికిని ఆర్చిబిషప్పు పీఠమే. వారి ఆచారమునుబట్టి బిషప్పు ఏదో యొక స్థలము పేరిట అభిషేకింపబడవలెను. పోపు రాయబారులకును సహాయ బిషప్పులకును తమదగు డయోసిస్ ఉండదు గనుక, అంతరించిన పీఠముల పేళ్లు వారికిత్తురు. 1917లో యూజేనియో పచెల్లి గారు బవేరియాకు రాయబారిగా నియమింపబడినప్పుడు సార్దీస్ ఆర్చిబిషప్పు అను బిరుదు పొందిరి. 1939లో 12వ పయస్ పోపు అయినది వీరే. సార్దీస్‌లో మాత్రము వారు కాయవలసిన మంద లేదు.

దీనిని చూచి మనము నవ్వరాదు. మడిసిపోయిన సంఘముల పేళ్లనైనను వారు మరువలేదు. మనలో ఆ పేళ్లెరిగినవారెందరు? అదియునుగాక, సార్దీస్ సంఘము మృతమైనదని ప్రభువు చెప్పినప్పుడు పట్టణము పాడుపడలేదు. ఆరాధన జరుగుచునే యున్నది. మన రిజిస్టరులో ఎన్ని పేళ్లున్నవి? ప్రార్థనకూటమునకు వచ్చువారెందరు? బాప్తిస్మము, వివాహము, సమాధి, ఈ మూడింటికే గుడి గడప త్రొక్కు కుటుంబములు మన ఊళ్లలో లేవా?

ఇచ్చట ఒక మాట గమనింపదగినది. మూల గ్రీకులో ‘పేరు’ అను ఒకే పదము ఈ ఉత్తరమున మరల మరల వచ్చును. 1వ వచనమున అది జీవములేని పేరు. 4వ వచనమున, వస్త్రములు మలినపరచుకొనని కొందరిని చెప్పుచు అదే పదము వాడబడినది. 5వ వచనమున అది జీవగ్రంథమునుండి తుడుపుపెట్టబడని పేరు. 2వ శతాబ్దమున సార్దీస్ బిషప్పుగా నుండిన మెలితో పేరు మనకు తెలియును. ఆయన చేసిన పస్కా ప్రసంగము 1940లో అచ్చయ్యెను. ఆయనకు ముందుండిన ఆ కొందరిలో ఒక్కరి పేరైనను ఏ చరిత్రలోను లేదు.