బియ్యం పళ్లెం అప్పుడే ఎత్తిపెట్టకండి

అక్షరాభ్యాసం నాడు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పళ్లెంలో పరిచిన బియ్యంలో వేలు పట్టి ఓనమాలు దిద్దిస్తాం. బాసరలో చేయించినా ఇంట్లో దేవుడి ముందు చేయించినా ఆ పళ్లెమూ బియ్యమూ తప్పవు. మర్నాటికి పళ్లెం వంటింటి అరలోకి వెళ్లిపోతుంది, పెన్సిలూ పుస్తకమూ బిడ్డ చేతికొస్తాయి. మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలున్న అమ్మానాన్నలకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ పళ్లేన్ని ఇంకో రెండేళ్లు అందుబాటులో ఉంచండి. ఈ వయసులో చదువు వేళ్లతో, చెవులతో, కాళ్లతో వంటబడుతుంది. కాగితం వంతు ఆ తర్వాత వస్తుంది.

పక్కింటి పాప అప్పుడే రాసేస్తోంది, మా వాడు పెన్సిల్ పట్టడమే లేదు అని చాలామంది దిగులు పడుతుంటారు. ఆ దిగులు సహజమే. కానీ ఆ చిన్న చేతి సంగతి కాస్త ఆలోచించండి. మణికట్టులో ఎనిమిది బుల్లి ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే ఎముకగా గట్టిపడుతూ వస్తుంది. చివరిది గట్టిపడటం మొదలయ్యేసరికే ఎనిమిదేళ్లు దాటవచ్చు. అంత లేత చేత పేజీ నిండా ‘అ’ రాయిస్తే వేళ్లు నొప్పి పుడతాయి, రాతంటేనే విసుగు పుడుతుంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా చూసి, ఆటపాటలతో నేర్పమనే చెప్పింది. ఒకటో తరగతికి ఆరేళ్లు రానివ్వమంది. మీ బిడ్డ వెనకబడిపోలేదు.

ముందు చేతి పని చూద్దాం. పళ్లెంలో ఇంత బొంబాయి రవ్వ పలచగా పరిచి, బిడ్డ ముందు పెట్టండి. వెంటనే అక్షరం అడగకండి. వానచినుకుల గీతలు, మెట్లు, అలలు, సున్నాలు, ఏది తోస్తే అది గీయనివ్వండి. పళ్లెం ఒకసారి అటూ ఇటూ ఊపితే అంతా చెరిగిపోతుంది కాబట్టి తప్పు గీశానన్న బెదురు ఉండదు. మన అక్షరాల్లో చాలావాటికి గుండ్రటి వంపులే ఆధారం. సున్నా చుట్టడం బాగా వచ్చాక దాని మీద తలకట్టు పెట్టి ‘ర’ అయిందని చూపించండి. లోపల ఒక చుక్క పెట్టి ‘ఠ’ అనండి. వరసలో రెండూ ఎక్కడెక్కడో ఉంటాయి, ఉండనివ్వండి. చేతికి తేలికైనది ముందు రావడమే మంచిది. వాకిట్లో మూడు వరసల చుక్కలు పెట్టి, సుద్దముక్కతో కలపమన్నా ఇదే పని జరుగుతుంది. చేతికి చేవ, కంటికి గురి రెండూ వస్తాయి.

వంటిల్లు ఇంతకన్నా పెద్ద బడి. బఠాణీలు ఒలవడం, కరివేపాకు రెమ్మ నుంచి ఆకులు దూయడం, చపాతీ పిండి చిన్న చిన్న ఉండలు చేయడం పిల్లలకు ఎంతో ఇష్టం. పెన్సిల్ పట్టడానికి కావలసిన బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ఈ పనుల్లోనే బలపడతాయి. విద్యావేత్త మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. చిన్న చెంబుతో నీళ్లు ఒంపడం, చెంచాతో గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చడం, గుండీలు పెట్టుకోవడం ఆమె పద్ధతిలో అసలైన పాఠాలు. అవన్నీ మన ఇళ్లలో రోజూ ఉండే పనులే. కాస్త నీళ్లు ఒలికితే చేతికి గుడ్డ ఇచ్చి తుడవమనండి, అదీ ఆటలో భాగమే.

ఇక లెక్క. నాలుగేళ్ల పిల్ల ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేస్తుంది. అదే పిల్లను ‘నాలుగు చింతగింజలు ఇవ్వమ్మా’ అని అడిగి చూడండి. గుప్పిట నిండా తీసి మీ చేతిలో పోస్తుంది. అంకెల వరస నోటికి వచ్చింది కానీ నాలుగు అంటే ఎన్నో చేతికి ఇంకా తెలియలేదు. ఇందులో కంగారు పడాల్సింది లేదు, ఆ వయసు అలాంటిది. ఆ తెలివి రావడానికి వామనగుంటల పీట చక్కటి సాధనం. రెండు వరసల్లో ఏడేసి చొప్పున పద్నాలుగు గుంటలుంటాయి. ఆట నియమాలన్నీ ఇప్పుడే వద్దు. గుంటకొక గింజ వేస్తూ వెళ్లమనండి, వేస్తున్నప్పుడు పైకి లెక్కపెట్టమనండి. ఒక గింజకు ఒక అంకె, ఒక అంకెకు ఒక గింజ. కొన్నాళ్లకు ‘ఏ గుంటలో ఎక్కువున్నాయి?’ అని అడగండి. పీట లేకపోతే ఖాళీ ఇడ్లీ రేకులు వాడండి. భోజనాల వేళ ‘మనం ఎంతమందిమి? తలకో గ్లాసు పెట్టు’ అనండి. ఒక గ్లాసు తక్కువైతే మీరు అందించకండి. ఎవరికి లేదో తనే చూసి, లేచి వెళ్లి తెచ్చుకోనివ్వండి. కూడిక అక్కడే మొదలవుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. గింజలు, గోళీలు, గవ్వలు పిల్లలు నోట్లోనూ ముక్కులోనూ చెవిలోనూ పెట్టుకుంటారు. మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వనే వద్దు. ఆపై పిల్లలకైనా పెద్దవాళ్లు పక్కనుంటేనే ఇవ్వండి, ఆట కాగానే లెక్కపెట్టి డబ్బాలో పోయించండి. ఇంట్లో చంటిబిడ్డ కూడా ఉంటే ఇంకా జాగ్రత్త.

చదవడానికి పునాది కంటికంటే ముందు చెవిలో పడుతుంది. పేరును చప్పట్లతో ముక్కలు చేసే ఆట ఆడండి: గు, మ్మ, డి, కా, య అంటూ ఐదు చప్పట్లు, ఆ తర్వాత వంకాయకు ఎన్నో తనే చెబుతుంది. బస్సులో వెళుతున్నప్పుడు ‘పా’తో మొదలయ్యేవి చెప్పుకోండి: పాలు, పావురం, పాప, పాము. రాత్రి కథ చెబుతూ మధ్యలో ఆగి, తర్వాత ఏమై ఉంటుందని అడగండి. తను చెప్పింది మీ కథకు సరిపడకపోయినా దాన్నే పట్టుకుని ముందుకు పోండి. విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు అమ్మమ్మకో తాతయ్యకో వీడియో కాల్ చేసినప్పుడు, కుశల ప్రశ్నలతో ముగించకుండా ఒక కథో పొడుపుకథో చెప్పించుకుంటే పిల్లల నాలుక మీద తెలుగు నిలుస్తుంది.

ఒళ్లు కదలడమూ చదువే. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద నిలదొక్కుకున్న బిడ్డే రేపు బెంచీ మీద కుదురుగా కూర్చోగలుగుతుంది. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు ఏదో ఒకలా ఒళ్లు కదిలించాలని, కూర్చుని తెర చూడటం గంట మించకూడదని, అంతకన్నా తక్కువైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఫోన్ లాక్కుంటే ఏడుస్తారు. దాగుడుమూతలకు పిలిస్తే పరిగెత్తుకొస్తారు.

వీటన్నిటికీ మీ దగ్గరినుంచి కావలసిన సమయం పది పదిహేను నిమిషాలు. ఉద్యోగం నుంచి అలసిపోయి వచ్చిన నాన్న కూరకు చిక్కుళ్లు ఒలుస్తూ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకున్నా చాలు. బిడ్డకు ఇంకా ఆడాలని ఉండగానే ఆపండి, రేపు తనే అడుగుతుంది. ‘ఇదేం రంగు? ఇదెన్ని?’ అని వరసపెట్టి ప్రశ్నలడగకండి. అది పరీక్షయిపోతుంది. మీరు చేస్తున్నది మాటల్లో చెప్పండి: ‘ఎర్ర కంది ఇటు వేస్తున్నా, పచ్చ పెసలు అటు వేస్తున్నా.’ రెండు రోజులకు ఆ మాటలే తన నోట వినిపిస్తాయి. ఏ బిడ్డ నడక ఆ బిడ్డది. అయితే పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం, మూడేళ్లు నిండినా రెండు మూడు మాటలు కలిపి చెప్పలేకపోవడం లాంటివి కనిపిస్తే, వాళ్లే నేర్చుకుంటారులే అని ఊరుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

చివరిగా ఇంకొక మాట. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు బిడ్డను నిలబెట్టి అంకెలూ పద్యాలూ అప్పజెప్పించకండి. ‘ఏం నేర్చుకున్నాడు?’ అని వాళ్లు అడిగితే, గింజల డబ్బా తెచ్చి పెట్టి, వాళ్లనూ ఆటకు కూర్చోమనండి. మీ బిడ్డ వాళ్లకు నియమాలు చెబుతాడు, వాళ్ల వంతు కోసం ఆగుతాడు, వాళ్లు తప్పు లెక్కిస్తే సరిదిద్దుతాడు. ఏం నేర్చుకున్నాడో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది, మీకూ నమ్మకం కుదురుతుంది.