అరకిలో వస్తాదు

తమ్ముళ్లూ! వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం రాయమన్నారు. ఇంజనీరింగులో నన్ను ఒక్క నిమిషంలో ఓడించిన చిన్న యంత్రం గురించి రాస్తాను. దాని పేరు మినీ సుమో రోబో.

సుమో అంటే జపాను వాళ్ల కుస్తీ. ఎదుటివాణ్ణి గిరి బయటకు నెడితే గెలిచినట్లే. దాన్ని రోబోలతో ఆడించడం ఆ దేశంలోనే 1989లో ప్రయోగంగా మొదలైంది. పెద్ద తరగతిలో రోబో బరువు 3 కిలోల దాకా ఉండవచ్చు. మినీ తరగతిలో 500 గ్రాములు మించరాదు, పొడవు వెడల్పులు 10 సెంటీమీటర్లు దాటరాదు. ఎత్తు మన ఇష్టం. ఆట 77 సెంటీమీటర్ల వ్యాసం గల నల్లటి గుండ్రని బల్ల మీద జరుగుతుంది. అంచు చుట్టూ 2.5 సెంటీమీటర్ల తెల్ల పట్టీ ఉంటుంది. మీట నొక్కాక 5 సెకన్లు ఆగి, ఆ తర్వాత రోబో తనంతట తానే పోరాడాలి.

కావలసినవి రెండు గేర్ మోటార్లు, వాటిని నడిపే డ్రైవర్ ఐ.సి., ఆర్డ్యునో లాంటి బోర్డు, బ్యాటరీ. అంచును పసిగట్టడానికి ముందు భాగంలో కింద రెండు ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు, ఎదుటి రోబోను చూడటానికి ఒకటో రెండో. హైదరాబాదు వెళితే కోఠీ గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి.

నేను చేసిన మొదటి తప్పు మోటార్లతోనే. అమ్మ పత్తి ఏరి పంపిన డబ్బులతో ఉన్నవాటిలో పెద్ద మోటార్లు కొన్నాను. నడిపి చూస్తే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. బడిలో బట్టీ పట్టిన ఘర్షణ పాఠం అప్పుడు అర్థమైంది. రోబో బరువు 500 గ్రాములు, ఘర్షణ గుణకం 0.6 అనుకుందాం. అప్పుడు దాని తోపు 300 గ్రాముల బరువుకు మించదు. మోటారు ఎంత బలమైనదైనా ఆపైన చక్రం జారవలసిందే. కాబట్టి డబ్బు మోటారు మీద కాదు, ఓపిక టైరు మీద పెట్టాలి. పాత సైకిలు ట్యూబు నుంచి ఉంగరాలు కోసి చక్రాలకు తొడిగాను. ల్యాబులోని స్ప్రింగు త్రాసును రోబో వెనక కట్టి లాగిస్తే తేడా ముల్లే చెప్పింది. ప్రతి ఆటకు ముందు టైర్లను తడిగుడ్డతో తుడవండి. దుమ్ము పడితే పట్టు పోతుంది.

బరువంతా చక్రాల మీదే పడాలి. అందుకే బ్యాటరీని ఇరుసు పైన పెట్టాలి. ముందు భాగంలో బల్లకు ఆనీ ఆననట్లు వాలుగా ఒక పలుచని రేకు బిగించండి. నేను విరిగిన స్టీలు స్కేలు వాడాను. అది ఎదుటివాడి కిందికి దూరితే వాడి బరువు కొంత మన మీదికి వస్తుంది. మన పట్టు పెరుగుతుంది, వాడిది తగ్గుతుంది. కుస్తీలో కాళ్లకింద దూరి లేపడం లాంటిదే!

ఇక వేగం. సెకనుకు ఒక మీటరు పోయే రోబో తెల్ల పట్టీని దాటడానికి 25 మిల్లీసెకన్లు చాలు. ప్రోగ్రాములో ఎక్కడో 100 మిల్లీసెకన్ల ‘డిలే’ రాసి ఉంటే, అది ముగిసేలోగా రోబో 10 సెంటీమీటర్లు పోయి కింద పడుతుంది. లూపులో మొదటి పని అంచు చూడటమే కావాలి, పొడుగాటి డిలేలు వద్దు.

ఇంత చేసీ పోటీలో ఓడాను. హాస్టల్లో ట్యూబులైటు కింద చక్కగా ఆడిన రోబో, అక్కడ కిటికీ ఎండ బల్ల మీద పడగానే వెనక్కి వెనక్కి పోయి దానంతట అదే కింద పడింది. ఎవరూ తాకను కూడా లేదు. హాలంతా నవ్వింది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ మెండుగా ఉంటుంది, ట్యూబులైటులో బహు తక్కువ. నల్ల బల్లే నా సెన్సారుకు తెల్ల పట్టీగా కనిపించింది. ఆ రాత్రి బాల్‌పెన్ను గొట్టం ముక్కలకు నల్ల టేపు చుట్టి సెన్సార్లకు తొడిగి, వాటిని బల్లకు దగ్గరగా దించాను. ఎల్.ఇ.డి. ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి కొలిచి, ఆ రెంటి తేడానే లెక్కలోకి తీసుకునేలా ప్రోగ్రాము మార్చాను. మరుసటి ఏడు అదే కిటికీ పక్కన రెండు ఆటలు గెలిచింది.

ఆ రోబో ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. ట్యూబు రబ్బరు గట్టిపడింది, మార్చాలి. వార్షికోత్సవానికి తెస్తాను. ప్లైవుడ్ బల్లకు నల్లరంగు వేసి ఉంచండి, ఎండ పడే చోటే పెట్టండి.