నివాళి సగంలో ఆగిపోకూడదు

మనవరాలికి,

అగ్నిమాపక వారోత్సవాల సభలో కాలేజీ తరఫున నిన్ను మాట్లాడమన్నారని, విధి నిర్వహణలో ప్రాణాలు పోగొట్టుకున్న ఫైర్‌మెన్ గురించి ఏం చెప్పాలో పాలుపోవడం లేదని రాశావు. ఇలాంటి సభలకు మాటలు ముందే తయారుగా ఉంటాయమ్మా. త్యాగధనుడంటారు, ప్రాణాలు పణంగా పెట్టాడంటారు, తీరని లోటంటారు. ఫొటోకు దండ వేస్తారు, రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు, కూడలిలో ఫ్లెక్సీ కడతారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. వీటిలో ఏదీ తప్పు కాదు. మన కోసం మంటల్లోకి వెళ్లిన మనిషికి ఆమాత్రం చేయని ఊరు ఊరే కాదు. అయితే ఇక్కడితో ఆగితే నివాళి సగమే అవుతుందని నా నమ్మకం. ఆ మనిషి ఎందుకు చనిపోవలసి వచ్చిందో కనుక్కుని, అదే కారణం ఇంకో ఫైర్‌మన్‌ను పొట్టన పెట్టుకోకుండా చూడటం మిగతా సగం. ఎందుకలా అంటున్నానో ఆధారాలతో చెబుతాను. ఎవరైనా అభ్యంతరం చెబితే ఏమనాలో కూడా చెబుతాను.

ముందు నువ్వు మాట్లాడబోయే తేదీ సంగతే చూడు. మన రెండు తెలుగు రాష్ట్రాలతో పాటు దేశమంతటా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు ఈ వారోత్సవాలు జరగడానికి కారణం 1944లో బొంబాయి విక్టోరియా డాక్‌లో జరిగిన ఘోరం. ఫోర్ట్ స్టికీన్ అనే సరుకుల ఓడ బ్రిటన్‌లో బయల్దేరి కరాచీ మీదుగా బొంబాయి వచ్చింది. అందులో దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలున్నాయి. కరాచీలో అదే ఓడలోకి వేలాది పత్తి బేళ్లు, కందెన నూనె, గంధకం ఎక్కించారు. యుద్ధకాలం, ఓడల్లో చోటు కరువు. అలా అంటుకునే సరుకూ పేలే సరుకూ ఒకే ఓడలో చేరాయి. 12వ తేదీన రేవు చేరిన ఓడ రెండు రోజులైనా పూర్తిగా ఖాళీ కాలేదు. 14 మధ్యాహ్నం సరుకు గదిలో మంట బయటపడింది. ఫైర్ బ్రిగేడ్ వాళ్లు వచ్చి 900 టన్నులకు పైగా నీళ్లు కొట్టారు. దట్టమైన పొగలో మంట మూలం ఎక్కడుందో చిక్కలేదు. ఓడ లోపల నీళ్లు సలసల కాగాయి. 3.50కి ఓడ విడిచి వెళ్లమని ఆజ్ఞ వచ్చింది. 4.06కి మొదటి పేలుడు ఓడను రెండు ముక్కలు చేసింది. అరగంట లోపే రెండోది పేలింది. ఆ పేలుళ్ల అదురు ఎక్కడో సిమ్లాలోని భూకంప నమోదు యంత్రం దాకా వెళ్లింది. ఆ రోజు 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. మొత్తం మృతులు 800 నుంచి 1,300 దాకా ఉంటారని అంచనాలు.

ఆ 66 మందిని చంపింది మంట ఒక్కటేనా? పత్తినీ పేలుడు పదార్థాలనూ ఒకే చోట చేర్చింది వాళ్లు కాదు. అంత ప్రమాదకరమైన సరుకును నగరం నడిబొడ్డున ఉన్న రేవులోకి రానిచ్చిందీ వాళ్లు కాదు. మంట మొదలయ్యాక ఓడను ముంచేయాలా, బయటికి లాగేయాలా, ఉన్నచోటే ఆర్పాలా అని ఖాయంగా తేల్చి చెప్పే అధికారం అక్కడున్న ఏ ఒక్కరి చేతిలోనూ లేదు. ఓడ బాధ్యత ఒకరిది, రేవు బాధ్యత ఇంకొకరిది, మందుగుండు బాధ్యత మరొకరిది. పైపు పట్టుకున్న మనిషికి మాత్రం నీళ్లు కొట్టడం ఒక్కటే మిగిలింది. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసి ఈ వరుసంతా తవ్వించింది కాబట్టే ఇవాళ మనం ఇంత వివరంగా చెప్పుకోగలుగుతున్నాం. వాళ్ల ధైర్యాన్ని కొనియాడి అక్కడే ఆగిపోతే, సరుకు ఎక్కించిన తీరు మీద, నిర్ణయం తీసుకోలేని వ్యవస్థ మీద ఎవరి దృష్టీ పడదు. అవి చెక్కుచెదరకుండా ఇంకో రేవులో ఇంకో ఓడ కోసం కాచుకుని ఉంటాయి.

ఇదంతా యుద్ధకాలం నాటి మాట, ఇప్పుడేం సంబంధం అనుకోకు. 2015 మే 9న ముంబయిలోని కాల్బాదేవిలో గోకుల్ నివాస్ అనే పాత భవనం అంటుకుంది. ఆర్పుతుండగానే అది కూలింది. శిథిలాల కింద ఇద్దరు అధికారులు చనిపోయారు. ఒళ్లు కాలిన మరో ఇద్దరు ఆసుపత్రిలో కన్నుమూశారు. వారిలో నగర అగ్నిమాపక దళానికి పెద్ద దిక్కయిన చీఫ్ ఫైర్ ఆఫీసరూ ఉన్నారు. కొత్తగా చేరిన కుర్రాళ్లు కాదు వాళ్లు, ఉద్యోగంలో తలపండినవాళ్లు. పాత కట్టడం మంటకు ఎంతసేపు తట్టుకుంటుందన్నది బయట నిలబడి చూస్తే తెలిసేది కాదు. ఆ లెక్క ఎవరో ముందే కట్టి ఉంచాలి. మన దగ్గరికొస్తే, 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్ భవనంలో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. కింది పొగ పైకి కమ్మి ఎనిమిది మంది చనిపోయారు. 2025 మేలో హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఇరుకు దారి ఉన్న ఇంట్లో 17 మంది బలయ్యారు. వీళ్లంతా ఇళ్లలో, లాడ్జిలో ఉన్న మామూలు మనుషులు. కానీ వాళ్లు బయటికి రాలేకపోయిన దారిలోనే ఫైర్‌మన్ లోపలికి వెళ్లాలి. సెల్లార్‌లో నింపిన సరుకు, మెట్ల మీద పేర్చిన అట్టపెట్టెలు, తాళం వేసిన టెర్రస్ తలుపు, కిటికీలకు బిగించిన ఇనుప గ్రిల్స్, ఫైరింజిన్ తిరగకుండా సందులో నిలిపిన కార్లు — వీటిలో ఏదీ మంట పెట్టింది కాదు. అన్నీ మనం పెట్టినవే.

ఇంకో రకం చావు ఉంది. దానికి సభ కూడా జరగదు. ఇవాళ ఇళ్లలో కాలేవి కర్రా గడ్డీ మాత్రమే కాదు. ఫోమ్ పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, వైర్ల పూత, బ్యాటరీలు. వాటి పొగ, మసి సిబ్బంది దుస్తులకూ చర్మానికీ పడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో ఫైర్‌మన్ పనినే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పనుల మొదటి వర్గంలో చేర్చింది. అంటే ఇరవై ఏళ్లు మంటలార్పి, రిటైరై, ఇంట్లో మంచాన పడి పోయినవాడు కూడా ఆ మంటల్లోనే పోయి ఉండొచ్చు. మంటార్పి వచ్చిన కోటును ఉతక్కుండా భోజనాల గదిలో కొక్కేనికి తగిలించే అలవాటుకూ, ఒంటి మీది మసి కడుక్కోవడానికి స్టేషన్‌లో సరైన వసతి లేకపోవడానికీ ప్రాణంతో సంబంధం ఉంది. మంటల్లో పోయినవాళ్లకే దండలు వేస్తే వీళ్లు మన లెక్కలోకే రారు.

ఇక అభ్యంతరాలు. మొదటిది, శవం ఇంకా ఇంట్లోనే ఉండగా ఎందుకు, ఎలా అని ఆరా తీయడం మర్యాదేనా అని. ఇందులో న్యాయముంది. మొదటి రోజులు భార్యాబిడ్డలవి, తల్లిదండ్రులవి. అప్పుడు మనం చేయాల్సింది పక్కన కూర్చోవడం, వంట సంగతి చూడటం, కారుణ్య నియామకం కాగితాలకు వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగకుండా మనం తిరగడం. ‘అలా రాసిపెట్టి ఉంది’ అని ఆ తల్లి అనుకుంటే కాదనే హక్కు మనకు లేదు. అది ఆమె ఓదార్పు. కానీ అదే మాట భవనం యజమానో అధికారో ఊరి పెద్దో అంటే ఊరుకోకూడదు. వాళ్ల నోట అది బాధ్యత దులిపేసుకునే మాట. పెద్దకర్మ అయ్యాకైనా ఊరు ఆ ప్రశ్న అడగాలి. అడుగుతామన్న మాట మాత్రం మొదటి రోజే కుటుంబానికి చెప్పాలి.

రెండోది, జీతం తీసుకుని ఒప్పుకున్న ఉద్యోగమే కదా, ప్రమాదం తెలిసే చేరారు కదా అని. తెలిసే చేరారు, నిజమే. మంటతో పోరాడటానికి ఒప్పుకున్నారు. ఎవరూ చెప్పని మందుగుండుతోనూ, కాగితం మీదే ఉన్న ఫైర్ పంపుతోనూ, మూసేసిన మెట్ల దారితోనూ పోరాడటానికి ఒప్పుకోలేదు. ఉద్యోగంలో సహజంగా ఉండే ప్రమాదం వేరు, మన నిర్లక్ష్యంతో దానికి కలిపింది వేరు. ఈ రెంటినీ విడదీసి చూపించడానికే విచారణ.

మూడోది కాస్త లోతైనది. తప్పులు వెతికితే వాళ్ల సాహసం చిన్నబోదా అంటారు. దీనికి అమెరికాలోని వూస్టర్ ఊరు జవాబు చెబుతుంది. 1999 డిసెంబరు 3న అక్కడ పాడుబడ్డ కోల్డ్ స్టోరేజీ గోదాము తగలబడింది. కిటికీల్లేని గోడలు, లోపల బెండు, ఫోమ్ పూతలు. నిలువ నీడ లేక అందులో తలదాచుకునే వాళ్లు చిక్కుకున్నారేమోనని ఇద్దరు లోపలికెళ్లి పొగలో దారి తప్పారు. వాళ్ల కోసం వెళ్లిన నలుగురూ తిరిగి రాలేదు. అసలు లోపల ఎవరూ లేరని తర్వాత తేలింది. అంతమాత్రాన ఆ ఆరుగురి ప్రయత్నం వృథా అనగలమా? మనిషి ఉన్నాడేమో అన్న అనుమానానికే కదిలారు, అదే ఈ వృత్తి ధర్మం. ఆ రాత్రే అక్కడి అధికారి ఒకరు, ఇంకా లోపలికి వెళ్తామన్న తోటివాళ్లను గుమ్మం దగ్గర అడ్డుకున్నారు. అందుకు కావలసిన ధైర్యం తక్కువదా? తర్వాత ఆ రాష్ట్రంలో ప్రమాదకరమైన ఖాళీ భవనాలకు, దళాలు చూడగానే తెలిసేలా బయట గుర్తు పెట్టే నిబంధన వచ్చింది. గోదాము ఉన్న స్థలంలోనే 2008లో కొత్త ఫైర్ స్టేషన్ తెరిచారు. ఆ ఆరుగురి స్మారకం అక్కడే ఉంది. కారణం తెలుసుకున్నందుకు వాళ్ల కీర్తి వీసమెత్తు తగ్గలేదు.

నాలుగోది మన దేశంలో అందరికీ అనుభవమున్న భయం. విచారణంటే చివరికి కింది ఉద్యోగి మెడకే చుట్టుకుంటుందని. ఆ భయం ఉన్నంతకాలం తోటి సిబ్బంది నోరు విప్పరు, నిజం బయటికి రాదు. అందుకే విచారణ ఎలా జరగాలో కూడా మనం అడగాలి. అమెరికాలో వృత్తి భద్రత పరిశోధన సంస్థ ఫైర్‌మెన్ మరణాలను పరిశీలించి నివేదికలు అచ్చువేయడం 1998లో మొదలుపెట్టింది. వాటిలో మనుషుల పేర్లుండవు, తప్పు ఎవరిదన్న తీర్పూ ఉండదు. ఏం జరిగింది, ఇక ముందు ఏం చేయాలి, అంతే. నేరముంటే దానికి పోలీసులు, కోర్టులు వేరే ఉన్నాయి. ఉదాహరణకు, వీపుకు సిలిండర్ తగిలించుకుని లోపలికి వెళ్లేవాడి పేరు, సిలిండర్‌లో ఉన్న గాలి, వెళ్లిన వేళ గుమ్మం దగ్గర ఒకరు పలక మీద రాసుకోవాలి. బరువైన పని చేస్తే గాలి అనుకున్న దానికంటే ముందే అయిపోతుంది, కాబట్టి ఎవరిని ఎప్పుడు వెనక్కి పిలవాలో ఆ పలకే చెబుతుంది. పలక ఉందా? రాసే మనిషి ఉన్నాడా, లేక సిబ్బంది చాలక అతనూ పైపు పట్టుకున్నాడా? ఇలాంటి ప్రశ్నలకు నిజాయితీగా జవాబు రావాలంటే జవాబు చెప్పేవాడి ఉద్యోగానికి ముప్పు ఉండకూడదు.

కాబట్టి తల్లీ, సభలో దండలూ మౌనమూ అయ్యాక నీ వంతు వచ్చినప్పుడు ఆ 66 మంది ధైర్యం చెప్పు, వాళ్ల చావుకు దారితీసిన సరుకుల సంగతీ చెప్పు. మాట్లాడటానికి ముందు మీ హాస్టల్ మెట్లు ఒకసారి పైదాకా ఎక్కి చూడు. టెర్రస్ తలుపుకు తాళముంటే వార్డెన్‌ను అడిగి తీయించు. ఫైర్ పంపు ఎప్పుడు నడిపి చూశారో కనుక్కో. దగ్గరి ఫైర్ స్టేషన్‌కు వెళ్లి, మా సందులోకి మీ బండి తిరుగుతుందా అని అడుగు. తిరగదంటే ఆ మాట సభలోనే, మున్సిపాలిటీ వాళ్ల ఎదుటే చెప్పు. ఎవరైనా ఇది సంతాప సభ, ఫిర్యాదుల సభ కాదంటే, చనిపోయినవాళ్లకు మనం బాకీపడ్డది ఇదేనని మర్యాదగానే, గట్టిగానే చెప్పు. ఏం జరిగిందో నాకు వివరంగా రాయి. మున్సిపాలిటీకి అర్జీ పెట్టాల్సి వస్తే ముసాయిదా నేను రాసి పంపుతాను.

ఆశీస్సులతో,
తాతయ్య