నెమలి పచ్చరంగు

రావులపాలెం

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

పాత రవివర్మ పటాలు కొంటున్నావని మీ అమ్మ చెప్పింది. ప్రాణం లేచొచ్చిందిరా. కోనసీమలో పెంకుటిల్లు పడగొట్టిన ప్రతిసారీ, దేవుడి గదిలో పటాలు పాత సామాన్ల బండెక్కుతున్నాయి.

రవివర్మ ప్రెస్ 1894లో ముంబైలో మొదలై, తర్వాత లోనావలా దగ్గర మలవలికి మారింది. ఒక్కో రంగుకి ఒక్కో రాయి మీద బొమ్మ గీసి, ఒకదానిమీద ఒకటి అచ్చువేసేవారు. భూతద్దం పెట్టి లక్ష్మి బుగ్గ చూడు. చేత్తో పెట్టిన చుక్కలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. ఈమధ్య వేసిన ఆఫ్‌సెట్ నకలులో చుక్కలు వలలా వరసగా ఉంటాయి. అడుగున ప్రెస్ పేరు లేదని పటాన్ని వదిలెయ్యకు. ఫ్రేములో పట్టడానికి అంచులు కత్తిరించేసినవి చాలా ఉన్నాయి.

నాకు మాత్రం అలంకారం చేసిన పటాలంటేనే ప్రాణం. అచ్చు ప్రెస్సుది, ఆపైన పనంతా ఇంటి ఆడవాళ్ళది. మా అమ్మమ్మ, సరస్వతి పటంలో చీర మేరకు తెల్ల పట్టుగుడ్డ కత్తిరించి అంటించింది. అంచుకి జరీ, మెళ్ళో పూసలు. ఒక చేతికి నాలుగు చమ్కీ గాజులు, ఇంకో చేతికి మూడే. చమ్కీలు అయిపోయి ఉంటాయి. నెమలికి తనే ఇంకాస్త పచ్చరంగు అద్దింది.

పాతికేళ్ళ వయసులో ఆ పటం మెరవాలని అద్దం తీసి తడిగుడ్డతో తుడిచాను. పచ్చరంగంతా గుడ్డకొచ్చేసింది. అమ్మమ్మ ఆ గుడ్డ వంక చూసింది, ఒక్క మాటా అనలేదు.

అందుకే చెబుతున్నా, నీళ్ళు తగలనివ్వకు. మెత్తటి పొడి కుంచె చాలు. మన గోదావరి గాలిలో తేమ ఎక్కువ, పైగా గుడ్డలంటించింది పిండి జిగురుతో, పురుగు ఇట్టే పడుతుంది. పటాన్ని గోడకి ఆనించకు, అద్దం బొమ్మకి తగలకుండా సందు ఉంచి కట్టించు. వెనక అట్ట విప్పేముందు ఫోటో తీసుకో, దానిమీద పేర్లూ తేదీలూ ఉంటాయి. ఏ ఊరిది, జరీ కుట్టిన చెయ్యి ఎవరిది అని అడిగి రాసుకో. ధర తర్వాత మాట్లాడొచ్చు. దీపం పెడుతున్న పటాన్ని మాత్రం ఎంత నచ్చినా అడగొద్దు.

పండక్కి రా, సరస్వతి పటం నీకిస్తాను. నెమలి తోక దగ్గర వెలిసిన మచ్చ ఉంది. అక్కడ కొత్త రంగు వేయించకు.

మీ మామయ్య