108, 112: ఆపదలో ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పాలి?



108 అంబులెన్స్ మనందరికీ తెలుసు. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలై, తర్వాత చాలా రాష్ట్రాలకు పాకింది. సేవ ఉచితం. బండి ఎక్కించుకోవడానికి రేషన్ కార్డు, ఆరోగ్య కార్డు అడగరు. అయినా ఒక్కోసారి బండి ఆలస్యమవుతుంది. దానికి ఒక కారణం మన చేతుల్లోనే ఉంది. అదేంటో చూద్దాం.

బేతంచెర్ల పక్కన ఒక బండల గనిలో కూలీ కాలి మీద బండ జారిపడిందనుకోండి. పక్కనున్నాయన 108కి ఫోన్ కొట్టినాడు.

– ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?
– బేతంచెర్ల సార్.
– బేతంచెర్లలో ఎక్కడ?
– గనికాడ సార్, తొందరగా రండి!

అంతే, ఫోన్ పెట్టేసినాడు. బేతంచెర్ల చుట్టూ గనులు ఒకటా, రెండా? డ్రైవర్ ఏ దారి పట్టాల?

ఫోన్ ఎత్తేది ఎవరు?

మీ కాల్ బేతంచెర్ల ఆస్పత్రికి పోదు. రాష్ట్ర స్థాయి కాల్ సెంటర్‌కు పోతుంది. అక్కడ కూర్చున్న మనిషి మీ ఊరు చూసి ఉండకపోవచ్చు. "పెద్ద చింతచెట్టు కాడ" అంటే మీకు తెలుసు, వాళ్లకు తెలియదు.

"ఫోన్ చేస్తే మనం యాడుండేది వాళ్లకే కనపడుతుంది కదా" అని చాలామంది అనుకుంటారు. టవర్‌ను బట్టి తెలిసేది సుమారు ప్రాంతమే. పట్నంలో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. పల్లెల్లో ఒక్క టవర్ కిందనే కిలోమీటర్ల కొద్దీ చేలు, గనులు, ఊర్లు ఉంటాయి. స్మార్ట్‌ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే కొంత మేలు. అయినా నోటితో చెప్పడం తప్పదు.

ఈ ఐదూ చెప్పండి

1. జిల్లా, మండలం. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది నంద్యాల జిల్లా. పాత అలవాటుతో కర్నూలు జిల్లా అనకండి.
2. ఊరి పూర్తి పేరు. రంగాపురం, కొత్తపల్లె లాంటి పేర్లు చాలాచోట్ల ఉంటాయి. "ఆర్.ఎస్. రంగాపురం, బేతంచెర్ల మండలం" అనాలి.
3. ఏ రోడ్డు, ఏ గుర్తు. గుడి, బడి, కిలోమీటరు రాయి, ఫ్యాక్టరీ బోర్డు, ఏది కనపడితే అది.
4. ఏం జరిగింది, ఎంతమందికి, స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా.
5. మీ ఫోన్ నంబర్.

ఇప్పుడు అదే కాల్ ఇట్లా చెప్పి చూడండి: "నంద్యాల జిల్లా, బేతంచెర్ల మండలం, ఆర్.ఎస్. రంగాపురం దగ్గర. మద్దిలేటి స్వామి గుడికి పోయే దారిలో ఎడమ పక్క గని. ఒకాయన కాలు నలిగింది. స్పృహలో ఉన్నాడు, రక్తం ఆగలేదు." చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు.

వాళ్లు "సరే" అనే వరకు ఫోన్ పెట్టేయొద్దు. డ్రైవర్ మళ్లీ ఫోన్ చేస్తాడు కాబట్టి ఆ లైన్ ఖాళీగా ఉంచండి. ఒక మనిషిని మెయిన్ రోడ్డు మీద నిలబెట్టండి.

112 ఎందుకు గుర్తుంచుకోవాలి?

లండన్‌లో 1937లోనే 999 వచ్చింది. అమెరికాలో 1968లో 911 వచ్చింది. మన దేశంలో పోలీసుకు, ఫైరుకు, అంబులెన్స్‌కు వేరువేరు నంబర్లు ఉండేవి. అన్నింటికీ కలిపి 112 పెట్టమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015 ఏప్రిల్‌లో కేంద్రానికి సిఫారసు చేసింది. ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లో 112 పనిచేస్తోంది. 108 కూడా ఎప్పటిలాగే ఉంది.

112తో మూడు ఉపయోగాలు:

• రీచార్జ్ అయిపోయి అవుట్‌గోయింగ్ ఆగిపోయిన సిమ్ నుంచి కూడా 112కు కాల్ పోనివ్వాలన్నది రూలు. సిమ్ లేని ఫోన్‌ను మాత్రం నమ్ముకోవద్దు.
• మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా స్క్రీన్ మీద "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని కనపడితే 112 కొట్టండి. వేరే కంపెనీ టవర్ మీదుగా కాల్ పోయే వీలుంది. 108కి అన్ని ఫోన్లలో ఈ వీలు ఉండకపోవచ్చు.
• ఫోన్ లాక్‌లో ఉన్నా "ఎమర్జెన్సీ" నొక్కి 112 చేయవచ్చు. పడిపోయిన మనిషి ఫోన్ నుంచి కూడా చేయవచ్చు.

2017 నుంచి అమ్మే ఫోన్లలో పానిక్ బటన్ ఉండాలని కేంద్ర టెలికాం శాఖ రూలు పెట్టింది. బటన్ల ఫోన్‌లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. కొన్ని మోడళ్లలో ఇది వేరుగా ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఎస్ఓఎస్ అని ఉన్నచోట ముందే చూసి పెట్టుకోండి. పరీక్ష కోసం నొక్కొద్దు. ఆ సమయంలో నిజమైన ఆపదలో ఉన్నవాళ్ల కాల్ ఆగిపోవచ్చు.

మా ఊర్లో సిగ్నలే లేదు, ఏం చేయాల?

ఎర్రమల కొండల పక్క ఊర్లలో ఈ బాధ ఉంది. సిగ్నల్ ఎక్కడెక్కడ ఉందో చూపే మ్యాపును ప్రతి మొబైల్ కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలని ట్రాయ్ 2024లో రూలు తెచ్చింది. ఆ మ్యాపులో మీ ఊరికి సిగ్నల్ ఉన్నట్టు చూపించి, ఊర్లో లేకపోతే ఆ పేజీని ఫొటో తీసి కంపెనీకి ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి. అసలు టవరే లేకపోతే ఊరంతా సంతకాలు పెట్టి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి. కంపెనీలు పోని ఊర్లకు సిగ్నల్ ఇవ్వడానికి కేంద్రం దగ్గర "డిజిటల్ భారత్ నిధి" ఉంది. అప్పటిదాకా గనిలో, చేలో ఏ గట్టు మీద సిగ్నల్ దొరుకుతుందో పనివాళ్లందరికీ ముందే చూపించండి.

"సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామేమో?"

భయపడొద్దు. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయం చేసినవాళ్లకు 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇస్తోంది. మీ పేరు, వివరాలు చెప్పమని బలవంతం చేయకూడదు.

ఈరోజే చేయాల్సిన పని

పైన చెప్పినట్టు మీ ఇంటి గుర్తు, మీ పనిచోటి గుర్తు రెండు వరుసల్లో రాయండి. ఒకటి ఇంటి తలుపు వెనక, ఇంకొకటి గని షెడ్డులో అంటించండి. ఇంట్లో పిల్లలతో, ముసలోళ్లతో ఒకసారి గట్టిగా చదివించండి. ఆపద వచ్చిన గంటలో బుర్ర పనిచేయదు. గోడ మీద రాసింది అప్పుడు పనికొస్తుంది.

చదవడం రాని పక్కింటివాళ్లకు దీన్ని మీరే చదివి వినిపించండి.