మొండితనము కాదు, నొప్పి

కావేరిపాక్కము నుండి రోగులను వేలూరునకు తీసికొనిపోవుట మనకు పరిపాటి. ఏ ఆసుపత్రిలోనైనను కొందరు రోగులకు “చెప్పినమాట వినరు” అను నింద తప్పదు. అది ఎంతవరకు న్యాయమో విచారింతము.

కడుపులోని పొర వాచినప్పుడు వైద్యుడు చేయి ఆనించగానే ఉదరకండరములు వాటంతట అవే బిగిసికొనును. “వదులుగా ఉంచుము” అన్నను రోగి వదలలేడు. విరిగిన కాలిని కదపనీయనివాడును అట్టివాడే. ఇది అవిధేయత కాదు. దేహము తన్ను తాను కాచుకొనుట. అరవనివానికి నొప్పి లేదనుటయు పొరపాటే. కొందరు పండ్లు బిగించి ఓర్చుకొందురు.

జ్వరమునకు థర్మామీటరు కలదు. నొప్పికి అట్టి సాధనము లేదు. రోగి మాటయే ఆధారము. అందుచేతనే 1975లో కెనడాలోని మక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన రొనాల్డ్ మెల్జాక్, నొప్పిని తెలుపు 78 ఆంగ్లపదములను 20 వర్గములుగా కూర్చి ప్రశ్నావళిని ప్రకటించెను. నొప్పియని రోగి చెప్పినచో ఆ మాటను గౌరవింపవలెనని 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘము పేర్కొన్నది.

మన పెద్దలు పోటు, సలుపు, మంట అని వేర్వేరుగా చెప్పుదురు. తమిళము మాత్రమే ఎరిగిన నర్సుకు ఇవి తెలియవు. కావున విద్యార్థులారా, వారి వెంట పోయినపుడు ఆ మాటలను తమిళములో అందింపుడు: నొప్పి ‘వలి’, పోటు ‘కుత్తల్’, మంట ‘ఎరిచ్చల్’. ఎచ్చట, ఎప్పటినుండి, కదిలిన హెచ్చునా అనునవియు తెలుపుడు.

మీలో రేపు నర్సులు, వైద్యులు కాగలవారికి మా విన్నపమొకటి. చేయి వెనుకకు లాగుకొన్న రోగిని గద్దింపకుడు, “ఎక్కడ నొప్పి?” అని ముందుగా అడుగుడు.